సరిహద్దు సీమలో «తోకచుక్క»: ఒక సాహస నవలపై చదువరుల అభిప్రాయములు

పెద్దల కొఱకు వ్రాసిన నవల మంచిదో చెడ్డదో చెప్పుటకు విమర్శకులు గలరు, పత్రికలు గలవు, సభలు గలవు. పిల్లల కొఱకు వ్రాసిన నవలకు ఆ భాగ్యము లేదు. పిల్లవాడు విమర్శ వ్రాయడు. కథ నచ్చినచో మరల చదువుమని అడుగును, నచ్చనిచో నిద్రపోవును. కావున పిల్లల నవలపై చదువరుల అభిప్రాయము తెలిసికొనవలెనన్నచో, ఒకనాటి పిల్లలు పెద్దవారైన పిదప చెప్పుకొను మాటలను, అరిగిపోయిన పుటలను, ఇండ్లలో నిలిచిపోయిన పాత్రల పేర్లను ఆధారములుగా గైకొనవలసియుండును. ఈ వ్యాసమునకు నేను తీసికొన్న నవల దాసరి సుబ్రహ్మణ్యముగారి «తోకచుక్క». దానిని చూచుటకు నేను నిలబడిన చోటు కర్ణాటక రాష్ట్రమున, చిక్కబళ్ళాపురము జిల్లాలో, బాగేపల్లి ప్రాంతమునందలి పాతపాళ్య.

ఈ చోటినే ఎన్నుకొనుటకు కారణము నేనచ్చట పుట్టి పెరుగుట మాత్రమే కాదు. బాగేపల్లి, చింతామణి సీమలలో పెక్కు ఇండ్ల మాట తెలుగు; బడిచదువు, కచేరీ వ్యవహారము కన్నడము. 2007లో కోలారు జిల్లానుండి విడిపడి చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లాయైన తరువాతను ఈ పరిస్థితి మారలేదు. మాకు ఈ రెండు భాషల నడుమ కలహము లేదు. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను రచనలు చేసిన మహనీయుడు. ఆయన కీర్తనలు పాడువారు ఏది ఏ భాషయో విడదీసి చూడరు. అయితే చెవికి రెండు భాషలున్నవారికి కంటికి ఒక్క లిపియే యున్నచో ఏమగును? ఒక పిల్లల నవల చరిత్రలో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకుచున్నది.

నవలయు దాని కర్తయు

«చందమామ» 1947 జూలైలో చెన్నపట్టణమున బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల పూనికతో వెలువడినది. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు అందు సంపాదకత్వభారము వహించిరి. దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ పత్రికలో చేరినదియు ఆ సంవత్సరముననే. వారు 1932లో గుంటూరు జిల్లాలో, తెనాలి ప్రాంతమున జన్మించిరి. 1954లో «తోకచుక్క» ధారావాహికముగా ప్రారంభమైననాటికి వారి వయస్సు ఇరువది రెండేండ్లు నిండలేదు. యువకుల కొఱకు వ్రాసిన ఈ కథను వ్రాసినవాడును యువకుడే యని చాలమందికి తెలియదు.

తెలియకపోవుటకు కారణము గలదు. చందమామ ధారావాహికములపై కర్త పేరు అచ్చు వేయుట ఆచారము కాదు. బొమ్మల క్రింద మాత్రము «చిత్ర» అను సంతకముండెడిది. ఆ పేర ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారి బొమ్మలే ఈ కథకు ముఖము. అందువలన ఒక తరము పాఠకులకు కథకుని పేరు తెలియదుగాని చిత్రకారుని చేతివ్రాలు కండ్లకు కట్టినట్లుండెడిది. ఈ కథలు కుటుంబరావుగారివే యని భ్రమించినవారు కొందరు. కర్త యెవరను ప్రశ్నయే తోచనివారు మరికొందరు. «తోకచుక్క» తరువాత సుబ్రహ్మణ్యముగారు «మకరదేవత», «ముగ్గురు మాంత్రికులు», «కంచుకోట», «జ్వాలాద్వీపం», «రాకాసిలోయ», «పాతాళదుర్గం», «శిథిలాలయం», «రాతిరథం», «యక్షపర్వతం», «మాయాసరోవరం», «భల్లూకమాంత్రికుడు» మున్నగు ధారావాహికములను వ్రాసిరి. 2006 వరకు ఆ పత్రికలోనే పనిచేసి 2010 జనవరిలో కీర్తిశేషులైరి. వారి పేరు లోకమునకు బాగుగ తెలిసినది వారి జీవిత చరమభాగముననే. పాత పాఠకులు పట్టుబట్టి అడుగుటచే ఆ కథలు పుస్తకరూపమున మరల వెలువడినవి.

కథ చదువనివారి కొఱకు సంగ్రహముగా చెప్పెదను. కుండలినీ ద్వీపమునకు చిత్రసేనుడు రాజు, సమరసేనుడు సేనాని. ఆకాశమున తోకచుక్క కనబడుటతో కథ ఆరంభమగును. సమరసేనుడు కొలదిమంది సైనికులతో ఓడనెక్కి బయలుదేరి, మాంత్రికులు నివసించు ద్వీపమున చిక్కువడును. అచ్చట చతుర్నేత్రుడు, ఏకాక్షి అను ఇరువురు మాంత్రికులకు బద్ధవైరము. మొదటివానికి గుడ్లగూబయు నరవానరమును పరిచారకులు. రెండవవానికి కాలభుజంగమును కంకాళమును. శాక్తేయుడనువాని ధనరాశులకై, శక్తులకై సాగు ఈ పోరు నడుమ మంత్రమెరుగని మనుష్యులు ధైర్యముతో, బుద్ధితో, ఒక్కొక్కప్పుడు కేవలము పరుగుతో ప్రాణములు నిలుపుకొందురు.

నెలనెలా చదివినవారు, ఒక్కసారిగా చదివినవారు

ఈ నవలపై నేను విన్న అభిప్రాయములన్నింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినప్పుడు మొదట తోచినది ఒకటి. అభిప్రాయభేదము వయస్సునుబట్టి గాని, చదువునుబట్టి గాని అంతగా కలుగలేదు. చదివిన తీరునుబట్టి కలిగినది.

నెలకొక సంచిక చొప్పున చదివినవారు ఈ కథను ప్రాణమువలె ప్రేమింతురు. సంచికకు కొలది పుటలు మాత్రమే. పుటల మొదట జరిగిన కథ క్లుప్తముగా నుండును. చివర నొక ఆపద వచ్చి పడును, కత్తి పైకి లేచును, లేదా చెట్టుమీదినుండి యేదో దూకును, అంతటితో ఆగును. పాఠకునకు ముప్పది దినములు మిగులును. ఆ ముప్పది దినములును కథలో భాగమే. పొలము గట్టున, చెరువు కట్టపై, బడికి పోవు దారిలో పిల్లలు తరువాయి కథను తామే అల్లుకొందురు. నెల తిరిగిన పిదప రచయిత చెప్పినదానిని తాము చెప్పినదానితో పోల్చి చూతురు. తమ ఊహ నెగ్గినచో గర్వము, రచయిత ఊహ నెగ్గినచో ఆశ్చర్యము. ఏ విధముగ చూచినను లాభమే.

పుస్తకముగా, ఒకటి రెండు దినములలో చదివినవారి మాట వేరు. ఆపద వెంట ఆపద, తప్పించుకొనుట వెంట తప్పించుకొనుట చదివి చదివి వారికి విసుగు పుట్టును. «ప్రతి అధ్యాయము చివరను ఎవడో ఒకడు కేక వేయుచునే యున్నాడు» అని ఒక కళాశాల విద్యార్థి నాతో అన్నాడు. అతని మాట అసత్యము కాదు. కాని అది రచనలోని దోషమనుటకంటె కొలతలోని భేదమనుట న్యాయము. దినమునకొక్క ఉండ చొప్పున తినవలసిన లేహ్యమును గిన్నెడు ఒక్కమారు తిన్నచో వెగటు గలుగక మానదు. కావున ఈ నవలను నేటి పిల్లల చేతికిచ్చువారు పుస్తకము మొత్తమును ఒక్కసారి ఇచ్చుటకంటె, వారమునకు ఒక్క అధ్యాయము చొప్పున చదివి వినిపించుట మేలని నా అనుభవము.

ఆక్షేపణలు, వాని విలువ

ప్రశంసలు మాత్రమే చెప్పినచో ఇది అభిప్రాయముల వ్యాసము కానేరదు. ఆక్షేపణలు ముఖ్యముగా నాలుగు గలవు.

మొదటిది భయమును గూర్చినది. కంకాళములు, క్షుద్రమంత్రములు, రక్తపాతము పిల్లల మనస్సునకు తగునా యని తల్లులు పూర్వమును అడిగిరి, నేడును అడుగుచున్నారు. ఈ సందేహము తల్లులకే కాదు, పత్రిక పెట్టినవారికే యుండెడిదట. చక్రపాణిగారికి ఈ మాంత్రికకథలపై అంత మక్కువ లేదనియు, 1960ల దశకమున వీనిని ఆపించి బంకించంద్రుని «దుర్గేశనందిని» వంటి కథలను వేయించిరనియు, పాఠకుల ఆదరము తగ్గుటచే 1966లో «పాతాళదుర్గం»తో సుబ్రహ్మణ్యముగారి కలమును మరల పిలువవలసి వచ్చినదనియు ఆ పత్రికను గూర్చి జ్ఞాపకములు వ్రాసినవారు చెప్పిరి. పిల్లలు విమర్శ వ్రాయరని మొదట చెప్పితిని. వ్రాయరుగాని, కొనుట మానుకొని తమ అభిప్రాయమును ఎరిగింపగలరని దీనివలన తెలియుచున్నది. భయము విషయమై నా తలపు ఇది: కథలోని భయమునకు హద్దు గలదు. మాంత్రికుడు ఎంత బలవంతుడైనను వానివలె కావలెనని ఏ పిల్లవాడును కోరుకొనడు. కోరుకొనునది సమరసేనుని ధైర్యమునే. ఇద్దరు మాంత్రికుల బలమంతయు ఒకరినొకరు దెబ్బతీసికొనుటకే వ్యయమగుట చూచిన పిల్లలు, చెప్పకయే ఒక నీతిని గ్రహింతురు.

రెండవ ఆక్షేపణ ఒకే మూసను గూర్చినది. «పాతాళదుర్గం»లో ధూమక సోమకులు, «శిథిలాలయం»లో శిఖిముఖి విక్రమకేసరులు, «యక్షపర్వతం»లో ఖడ్గవర్మ జీవదత్తులు, «మాయాసరోవరం»లో జయశీలుడు సిద్ధసాధకుడు. ఇట్లు ఇద్దరు వీరులు, ఒక అరణ్యము, ఒక మాంత్రికుడు, ఒక అన్వేషణ. ఇది ఒప్పుకొనవలసినదే. కాని «తోకచుక్క» ఈ వరుసలో మొదటిది. మూస అప్పటికి ఏర్పడలేదు. అందు జంట వీరుల హాస్యము లేదు. సముద్రము, ఓడ, తెలియని తీరము ఉన్నవి. వరుసలోని కథలన్నియు చదివినవారిలో కొందరు ఇప్పటికిని మొదటిదానినే మేలనుటకు ఇది కారణమై యుండును.

మూడవది అరణ్యవాసులను చిత్రించిన తీరు. ఈ కథలలో ఆటవికులు పెక్కుచోట్ల బలులిచ్చువారుగా, క్రూరులుగా కనబడుదురు. నేటి చదువరికి ఇది కంటకమగుట సహజము, న్యాయము. అయితే అదే రచయిత «శిథిలాలయం»లో శబరయువకుడైన శిఖిముఖిని నాయకునిగా నిలిపినాడను సంగతిని మరువరాదు. దోషమును దోషమని చెప్పి, రచయిత ఎదిగిన దారిని గూడ చూపుట ఉచితము.

నాలుగవ ఆక్షేపణ నా మనుమరాలిది. దానిని తరువాత చెప్పెదను.

సముద్రమును చూడని ఊరు

ఇక పాతపాళ్య మాట. మాది మెట్టసీమ. రాగులు, వేరుసెనగ, వానపై ఆశ. మాకు తెలిసిన పెద్ద నీరు చెరువు. మా తాలూకాలో పారు చిత్రావతి యేటిలో సంవత్సరమున చాల కాలము ఇసుకయే కనబడును. అట్టి చోట ఓడల కథను పిల్లలు ఎట్లు ఊహించుకొనిరి?

1960లలో మా ఇంట «తోకచుక్క» పుటలను మాత్రము పాత సంచికలనుండి విడదీసి కుట్టించిన కట్ట యొకటి యుండెడిది. ఆ దినములలో చాల ఇండ్లలో ఇట్లు ధారావాహికములను కుట్టించి దాచుకొనుట వాడుక. మా నాయన తెలుగు చదువగలడు. విత్తుటకు ముందు రాత్రులయందు ఇంటిల్లిపాదియు కూర్చుండి విత్తనపు సెనక్కాయలు ఒలుచుచుండ, ఆయన లాంతరు దగ్గర కథ చదివెడివాడు. చేతులకు పని, చెవులకు కథ. సముద్రమనగా ఎంత యుండునని నేను అడిగితిని. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికిని జ్ఞాపకము: «మన చిత్రావతి పోయి పెన్నేట్లో పడుతుంది. పెన్నేరు పోయి సముద్రంలో పడుతుంది. అట్లాంటి ఏర్లు ఎన్ని పోయినా నిండని చెరువురా అది.»

మాకు కష్టమైన మాటలు ఏవో చూచినచో ఒక విచిత్రము కనబడును. కాలభుజంగము, కంకాళము, త్రిశూలము, చతుర్నేత్రుడు. పెద్దలు ఇవి పిల్లలకు కఠినమందురు. మాకు కావు. ఆ సంస్కృతపదములు మా కన్నడ వాచకములలో నుండెడివి. మాకు కఠినమైనవి తెరచాప, తెడ్డు వంటి అచ్చమైన తెలుగు మాటలు. సముద్రతీరమున పిల్లవానికి నిత్యము చెవిని పడు మాటలు. పాఠకునకు ఏది సులభము, ఏది కష్టము అనునది పుస్తకములోనే నిర్ణయమై యుండదు. చదువరి నిలిచిన చోటు కూడ నిర్ణయించును. సరిహద్దు పిల్లలకు తెలుగు పుస్తకములు ఎన్నువారు ఈ సంగతిని గుర్తింపవలెను. సంస్కృతపదములు తీసివేసినంత మాత్రమున పుస్తకము మాకు తేలిక కాదు.

గుడ్లగూబకు కన్నడము

ఆ కట్టలో రెండు సంచికల పుటలు లోపించినవి. కథ సరిగా ఆపదలో ఆగిపోయినది. అవ్వ ప్రతి రాత్రియు అడిగెడిది: «ఆ గుడ్లగూబ మళ్ళా వచ్చెనా నాయనా?» సమాధానము లేదు. అప్పుడు మా బడి అయ్యవారి ఇంట కన్నడ చందమామ పాత సంచికలున్నవని తెలిసినది. కన్నడ చందమామ 1949లో మొదలైనది; తెలుగున వచ్చిన ధారావాహికము కన్నడమునను వచ్చెడిది. బొమ్మలు అవియే, పాత్రలు వారే, లిపి మాత్రము వేరు. మా నాయనకు కన్నడ అక్షరములు అంతగా రావు, నాకు వచ్చును. కావున ఆ రెండు సంచికలు చదువు పని నాకు వచ్చినది. నేను కన్నడమును కంటితో చూచుచు తెలుగున చెప్పుకొని పోతిని. అనువాదము చేయుచున్నానను తలంపే నాకు లేదు.

కథ ముగిసిన పిదప నాయన నవ్వుచు, «అమ్మా, ఈ రెండు దినాలూ వీడు చదివింది కన్నడం పుస్తకం» అనెను. అవ్వ చేతిలోని సెనక్కాయను ఒలుచుట ఆపి, «అట్లనా? అయితే ఆ గుడ్లగూబకు కన్నడం గూడా వచ్చునా!» అనెను. అందరును నవ్విరి. ఆమె నవ్వలేదు, కొంత ఆలోచించి, «రానీలే, మన దేశంలో ఉంటే రెండూ నేర్చుకోవల్సిందే గదా» అనెను. «తోకచుక్క»పై నేను విన్న అభిప్రాయములలో ఇది మిక్కిలి విలువైనదని నా నమ్మకము. ఆమెకు ఏ అక్షరమును రాదు. కాని కథ ఏ లిపినుండి వచ్చినను తన ఇంటి మాటలోనే తన చెవిని చేరినదని, అందుచే అది తనదేనని ఆమె యెరుగును.

అక్షరము లేని మాట

ఇప్పుడు స్థితి తిరుగబడినది. 2013 నాటికి చందమామ నిలిచిపోయినది. నెలనెలా ఎదురుచూచుట పోయినది. మా సీమలో తెలుగు మాటాడు పిల్లలలో తెలుగు చదువలేనివారు చాలమంది. బడిలో కన్నడము, ఇంగ్లీషు. ఇంట తెలుగు నోటి మాటగా మాత్రమే నిలిచినది. ఇది ఎవరి తప్పును కాదు. రాష్ట్రభాష నేర్చుట పిల్లలకు అవసరము, గౌరవము. కాని నోట మాత్రము నిలిచిన భాష మెల్లమెల్లగా వంటయింటి భాష యగును. చెప్పవలసిన పెద్ద సంగతులకు మరియొక భాషను వెదకుకొనును. పుస్తకమును గూర్చి అభిప్రాయము చెప్పవలెనన్న పుస్తకము చదువగలిగి యుండవలెను. చదువరులే లేనిచోట చదువరుల అభిప్రాయములను ఎక్కడనుండి సేకరింతుము?

ఈ దుఃఖము నాకు పుస్తకములనుండి వచ్చినది కాదు. పండ్రెండేండ్ల నా మనుమరాలికి పుట్టినదినమున «తోకచుక్క» పుస్తకమునిచ్చితిని. ఆమె బొమ్మలు త్రిప్పి చూచి, «తాతా, బాగుంది. కానీ నాకు రాదు గదా» అని నా చేతికే తిరిగి ఇచ్చినది. తెలుగునందే చెప్పినది. తన భాషలోని పుస్తకము తనకు రాదని ఒక పిల్ల తన భాషలోనే చెప్పుట విన్నవారికి వేరు వ్యాఖ్య అక్కరలేదు.

అయితే నిరాశపడవలసిన పనియు లేదు. తెలుగు కన్నడములకు శతాబ్దముల పాటు ఒక్కటే లిపి. తరువాత క్రమముగా వేరుపడి, అచ్చుయంత్రము వచ్చిన పిదప 19వ శతాబ్దిలో భేదము స్థిరపడినది. కావున కన్నడము వచ్చినవానికి తెలుగు లిపి క్రొత్తవిద్య కాదు. గ, ద, న, బ, మ, ర, ల వంటి అక్షరములు చూపుతోనే పోల్చుకొనదగినవి. తలకట్టు తెలుగున పైకి లేచి నిలుచును, కన్నడమున ప్రక్కకు సాగును. ఏత్వ, ఓత్వముల దీర్ఘమును కన్నడమున అక్షరము ప్రక్కన ప్రత్యేక చిహ్నముతో చూపుదురు. తెలుగున తలపైననే చూపుదురు. నిజముగా క్రొత్తగా నేర్వవలసినవి క, త, శ వంటి కొన్ని మాత్రమే. భేదములన్నియు ఒక్క కాగితముపై పట్టును.

నేను ఆ కాగితమును వ్రాసి పుస్తకమున పెట్టితిని. పాఠము చెప్పలేదు. వారమునకొక అధ్యాయము చదివి, ఆపదలో ఆపి, పుస్తకమును బల్లపై వదలివేసితిని. మూడవ వారమున ఆమె కాగితము ప్రక్కన పెట్టుకొని, వ్రేలితో అక్షరములు కూడబలుకుచు తరువాయి పుటను చదువుచుండగా చూచితిని. క వచ్చినచోటెల్ల ఆగుచుండెను. ఆగినను విడువలేదు, ఏకాక్షి ఏమి చేయునో తెలియవలెను గదా! పెద్దబాలశిక్ష చేయలేని పనిని ఆపదలో ఆగిన అధ్యాయము చేసినది. ఆమె చదువు ఇంకను సగమే, తప్పులు మిక్కుటము.

పైన వాయిదా వేసిన నాలుగవ ఆక్షేపణ ఆమెదే. «ఇంత పెద్ద ఓడలో ఒక్క ఆడపిల్ల కూడా లేదేంది తాతా?» అని యడిగినది. ఈ కథల వరుసలో కథను నడపు స్త్రీపాత్రలు అరుదను మాట నిజము. నా చిన్ననాట మా అక్కకు ఈ ప్రశ్న తోచినదో లేదో నే నెరుగను. తోచినను అడుగనిచ్చినవారు లేరు. ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేదు. అయితే అది తెలుగు పుస్తకము చదివి, తెలుగున పుట్టిన ప్రశ్న. దానితో ఆమె ఆ నవలకు శ్రోత గాక చదువరి యైనది. పొగడిన చదువరికంటె ఆక్షేపించిన చదువరి పుస్తకమునకు ఎక్కువ ఆయువు పోయును.

చేయదగినది

ఈ సంచికను చదువు తెలుగువారు పలు రాష్ట్రములలో, పలు దేశములలో నివసించుచున్నారు. పాతపాళ్యలో కన్నడమున్న చోట మీకు తమిళమో, మరాఠీయో, ఇంగ్లీషో ఉండవచ్చును. ఇంటి మాట నిలిచి అక్షరము జారిపోవుట మాత్రము అందరికిని సమానమే. కావున మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది: పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పిన పిదప కథ ఇత్తమని ఎదురుచూడవలదు. కథను ముందు వినిపించి, సగములో ఆపి, అక్షరమును అవసరముగా చేయవలెను. అందులకు సాహసకథవంటి సాధనము మరియొకటి లేదు. రెండవది: బాగేపల్లి, చింతామణి సీమల బడులకు గాని గ్రంథాలయములకు గాని తెలుగు బాలసాహిత్యమును పంపువారు పుస్తకపు లోపలి అట్టపై కన్నడ తెలుగు లిపుల భేదములను చూపు పట్టికను అంటించి పంపవలెను. వ్యయము స్వల్పము, ఫలము మిక్కిలి. మూడవది: మన సభలలో పిల్లలచేత పద్యములు అప్పగింపించుట మంచిదే, దానితో పాటు వారు చదివిన యొక కథపై తమ అభిప్రాయమును, నచ్చనిదానిని సైతము, చెప్పనీయవలెను. ఏ లిపిలో వ్రాసికొని వచ్చినను ఆక్షేపింపరాదు.

ఇరువది రెండేండ్లు నిండని యువకుడు, తన పేరైనను అచ్చుపడని పుటలలో, తాను ఎన్నడును చూడని మెట్టఊరి పిల్లలకు సముద్రమును చూపినాడు. ఆ పిల్లల మనుమలకు ఆ పుటలు అందకుండ పోయినచో అది ఆయన లోపము కాదు. అందించు పని మనది. నచ్చినదో లేదో చెప్పు పని వారిది అని పెద్దలకు సవినయముగా మనవి చేయుచున్నాను.